అడగడం రానివాడికే ముందు చెప్పాలి

మా కొత్వాల్‌గూడలో ఈ రోజుల్లో ఎవరైనా ఫోన్ చేతిలో పట్టుకుని సాయం అడిగితే మూడే మూడు జవాబులు వినిపిస్తాయి. ‘గూగుల్‌ల కొట్టు.’ ‘యాప్‌లనే ఉంటది, చూస్కో.’ ‘సర్వర్ డౌన్ ఉంది, రేపు రా.’ మనవడు అవ్వకు ఇదే చెప్తాడు. కౌంటర్ వెనకాల కూర్చున్నాయన పింఛనుదారుకు ఇదే చెప్తాడు. హెల్ప్‌లైన్‌లో రికార్డు చేసిన గొంతు ఊరందరికీ ఇదే చెప్తుంది. ఇవి జవాబులా? అడిగిన మనిషిని ముందునుంచి లేపి పంపించే ఉపాయాలు. గూగుల్‌లో ఏం కొట్టాలో తెలిసినవాడైతే నీ దాకా ఎందుకొస్తాడు?

మా రోజుల్లో ఇట్లా ఉండేది కాదు. ముసలాయన సణుగుడని కొట్టిపారేయకండి. నా ఉద్యోగకాలమంతా చెడిపోయినదాన్ని బాగుచేసే పనిలోనే గడిచింది. టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. తెలియనివాడు ఎట్లా అడుగుతాడో, తెలిసినవాడు ఎట్లా చెప్పాలో ఆ పనిలో నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కోపం వస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో మా ఊరికి ఆనవాలంటే 1927లో కట్టిన హిమాయత్‌సాగర్ కట్టే. 2008 మార్చి 23న శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైంది. అదే ఏడాది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. ఇప్పుడు ఊరి పక్కన 85 ఎకరాల్లో ఎకో పార్కు అంటున్నారు. మారనీ, నాకేం బాధ లేదు. పొలం గట్ల మీద తిరిగిన పిల్లలు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేస్తుంటే ఎవరికి చేదు? నా బాధల్లా తెలిసినవాడు తెలియనివాడితో మాట్లాడే తీరు పాడైపోయిందనే.

అప్పట్లో ఫోన్ చెడిపోతే 198కి చెప్పేవాళ్లు. ఎవరి నంబరైనా కావాలంటే 197, ట్రంక్ కాల్ బుక్ చేయాలంటే 180. ఏది తిప్పినా అవతల మనిషి పలికేవాడు. ఫిర్యాదు చీటీ మీదికెక్కి టెస్ట్ డెస్కుకు వచ్చేది. ఎక్స్ఛేంజీలో ఎండీఎఫ్ అని ఒక పెద్ద ఇనుప చట్రం ఉంటుంది. ఊళ్లోంచి వచ్చిన కేబుల్ తీగలు దానికి ఒక పక్క, ఎక్స్ఛేంజీ యంత్రం నుంచి వచ్చిన తీగలు ఇంకో పక్క. రెంటినీ విడదీసి ఒకసారి లోపలి వైపు, ఒకసారి బయటి వైపు పరీక్షిస్తే లోపం మా దగ్గరుందా, బయట ఉందా అన్నది తేలిపోతుంది. బయటే అయితే దారిలోని కేబుల్‌లోనా, స్తంభం మీది డబ్బాలోనా, ఇంట్లోని ఇన్‌స్ట్రుమెంట్‌లోనా అన్నది తర్వాతి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు యంత్రం కన్నా ముందు మనిషే చెప్పేవాడు, మనం అడగగలిగితే. చందాదారు చెప్పేది ఎప్పుడూ ఒకటే మాట: ‘మా ఫోన్ సచ్చిపోయింది సార్.’ అంతకుమించి చెప్పడం ఆయనకు రాదు, రావాల్సిన పనీ లేదు. టెస్ట్ డెస్కు మీద కూర్చున్న మా సీనియర్ అడిగేవాడు: ‘రిసీవర్ ఎత్తితే చెవుల ఏమన్న సప్పుడు వస్తుందా పటేలా? గరగర అంటుందా, అస్సలే నిశ్శబ్దమా? గంట మోగుతుందా? అవతలోళ్ల మాట మీకు ఇనబడుతుందా, మీ మాట వాళ్లకు ఇనబడుతుందా? నిన్న వాన పడ్డంకనే ఇట్లయిందా, అంతకుముందు నుంచా?’

ఒక్కో ప్రశ్నకు ఒక్కో పని ఉండేది. చప్పుడే లేదంటే ఎక్కడో తీగ తెగి ఉండాలి. గరగర అంటే కేబుల్ అతుకులోకి తడి దిగి ఉండాలి. గంట మోగుతూ మాట మాత్రం పోకపోతే ముందు ఇన్‌స్ట్రుమెంట్‌ను అనుమానించాలి. వానకు చెడి ఎండకు దానంతటదే బాగయ్యే లైనైతే అతుకు విప్పి చూడాల్సిందే, మళ్లీ వాన దాకా ఆగి ఊరుకోకూడదు. ఇన్సులేషన్, లూప్, ఎర్త్ అనే మాటలు మాలో మేము అనుకునేవి. చందాదారుతో వాటిలో ఒక్కటి అన్నా సీనియర్ కళ్లు ఎర్రజేసేవాడు. ‘ఆయనకు తెలిసిన మాటల్ల అడుగు, నీకు కావల్సిన మాటల్ల రాసుకో’ అనేవాడు. నేను నేర్చుకున్న చదువుల్లో ఇంతకన్నా పెద్దది లేదు.

బాగుచేశాక కూడా పని అయిపోయేది కాదు. లైన్‌మన్ ఆ ఇంట్లోంచే టెస్ట్ డెస్కుకు ఫోన్ చేయాలి. డెస్కు నుంచి తిరిగి గంట కొట్టాలి. ఇంటాయన రిసీవర్ ఎత్తి ‘ఆ, బాగుంది’ అనాలి. అప్పుడే చీటీ మూసేది.

ఆ రోజుల్లో అంతా బంగారమేం కాదు. ఫోన్ కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు ఉన్నారు. కేబుల్ తెగితే రోజులకు రోజులు మూగబోయిన వీధులున్నాయి. ఆలస్యానికి తిట్లు తిన్నాం, అవి న్యాయమైన తిట్లే. కానీ అడిగే పద్ధతి తెలియలేదని ఏ మనిషినీ వెనక్కి పంపలేదు. ఈనాడు వేగం వచ్చింది, ఆ ఓర్పు పోయింది.

కొత్తవాడి ప్రశ్న ఎప్పుడూ వంకరగానే వస్తుంది. ‘ఇంటర్‌నెట్ పోయింది’ అంటాడు, పోయింది వాట్సాప్ ఒక్కటే. ‘పైసలు కొట్టుకపోయినయ్’ అంటాడు, పోలేదు, బ్యాంకు మెసేజి రాలేదంతే. ‘ఫోన్ ఖరాబయింది’ అంటాడు, స్క్రీన్ వెలుతురు తగ్గింది. ప్రశ్న సరిగ్గా అడగాలంటే విషయం సగం తెలిసి ఉండాలి. ఆ సగం తెలియకనే కదా అడగొచ్చింది! వంకర ప్రశ్నను సరిచేసి, దాని వెనకున్న అసలు అవసరాన్ని బయటికి లాగే బాధ్యత తెలిసినవాడిది. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే చాలు, మిగతా మర్యాదలన్నీ వాటంతటవే వస్తాయి.

మా తరానికి ఇందులో మంచి గురువులుండేవాళ్లు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు ‘ప్రమదావనం’ శీర్షికను 1950ల నుంచి దశాబ్దాల తరబడి నడిపారు. వంట, ఆరోగ్యం, చదువు, సంసారం, దేశాల సంగతులు ఏవి అడిగినా జవాబు ఉండేది. ప్రశ్న చిన్నదని అడిగినవాళ్లను చిన్నబుచ్చిన జ్ఞాపకం నాకు లేదు. ఒక్కరికి ఇచ్చిన ఆ జవాబును అదే సందేహం ఉండి అడగడానికి మొహమాటపడిన వేలమంది చదువుకునేవాళ్లు. నలుగురిలో ఇచ్చే జవాబుకు ఆ బలం ఉంది. నలుగురిలో చేసే వెక్కిరింపుకూ అంతే బలముంది. ఒక్కణ్ని కసిరితే చూస్తున్న పదిమంది నోళ్లు మూతపడతాయి.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో కూడా ఆ మంచితనం ఉంది. విండోస్ ఎక్స్‌పీ రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు, తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపించేవి, లేదంటే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా చెదిరిపోయేవి. చాలామంది తమ కంప్యూటర్ పాడైందనుకున్నారు. నిజానికి గౌతమి అనే తెలుగు ఫాంటు అందులోనే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగులు తెరిచి ఒక గడిలో టిక్కు పెట్టాలి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాలి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయాలి. ఇంతే. కానీ ఈ ఇంతేను ఎవరు చెప్పాలి?

చెప్పినవాళ్లున్నారు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ‘లేఖిని’ని వీవెన్ 2006లో తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఈ-తెలుగు సంఘం వాళ్లు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టుకుని, వచ్చినవాళ్లకు కంప్యూటర్‌లో తెలుగు చూడటం, రాయడం నేర్పారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను పెంచిందీ ఇట్లాంటి మనుషులే. అందరూ పగలు ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రాలు, ఆదివారాలు తెలియనివాళ్లకు ఇచ్చినవాళ్లు. డబ్బాలు కనిపిస్తున్నాయని ఎవరైనా వస్తే ‘ఇది కూడా తెలియదా’ అన్నట్టయితే ఈ రోజు నెట్‌లో ఇంత తెలుగు ఉండేదా? అట్లా కొత్తగా నేర్చుకున్నవాళ్లే కదా తర్వాత వ్యాసాలు రాసింది, బ్లాగులు నడిపింది, ఇంకొకరికి నేర్పింది!

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. మా చుట్టుపక్కల ఊళ్ల పోరలు ఎంతోమంది ఎయిర్‌పోర్టును నమ్ముకుని కార్లు నడుపుతున్నారు. బండి మీద ఈఎంఐ ఉంటుంది. ఒకనాడు పొద్దున యాప్ తెరిస్తే ‘మీ ఖాతా నిలిపివేయబడింది’ అని ఉంటుంది. ఎందుకని ఉండదు. అడుగుదామంటే మనిషి ఉండడు. చాట్‌లో కారణం ఎంచుకొమ్మని నాలుగు గడులు చూపిస్తుంది. అతని కష్టం ఆ నాలుగింటిలో లేదు. ఏదో ఒకటి నొక్కితే టికెట్ నంబరు వస్తుంది, కాసేపటికి ‘మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి’ అని మెసేజి. ఖాతా మాత్రం అట్లాగే మూసి ఉంటుంది. ఒక పిల్లవాడు నా దగ్గరికొచ్చి, ‘తాతా, నా తప్పేందో చెప్తే నేను దిద్దుకుంట కదా, చెప్పెటోడే లేడు’ అన్నాడు. బండి ఇంటి ముందు ఆగి ఉంది, కిస్తీ తేదీ ఆగదు. ఆ పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి?

పనిమంతుడి ముందు కష్టం చెప్పుకోవడం అడిగేవాడి వంతు. ఆ కష్టానికి పేరు పెట్టడం, అది ఏ అరలోకి పోవాలో తేల్చడం పనిమంతుడి వంతు. ఈ రెండో వంతును కూడా ఇప్పుడు అడిగేవాడి నెత్తిన పెట్టారు. భూమి సంగతే చూడండి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. రికార్డు ఆన్‌లైన్‌లో ఉండటం మంచిదే. కానీ పాస్‌బుక్కులో పేరు తప్పు పడినా, విస్తీర్ణం తక్కువ పడినా, తన బాధకు సరిపోయే మాడ్యూల్ ఏదో రైతే ఎంచుకోవాల్సి వచ్చింది. అక్షరం ముక్క రాని పెద్దమనుషులు కూడా ‘టీఎం 33 పెట్టిన్రా?’ అని ఒకరినొకరు అడుక్కునే కాలం చూశాం. ఆ అంకె వాళ్లకెందుకు? వాళ్లకు కావాల్సింది తాత ఇచ్చిన భూమి తమ పేరు మీద సరిగ్గా ఉండటం.

2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, అధికారులే వచ్చి దరఖాస్తులు తీసుకున్నారు. దరఖాస్తులన్నీ ఎప్పటికి తెగుతాయన్నది వేరే సంగతి. అధికారి ఊరికి వచ్చి, బల్ల వేసుకుని, రైతు నోటితో చెప్పింది విని రాసుకోవడం అనే పద్ధతి మాత్రం సరైన పద్ధతి. సదస్సుల రోజుల్లోనే కాదు, ఏడాది పొడుగునా ఉండాల్సింది అదే.

ఎయిర్‌పోర్టులో చూడండి. అమెరికాలో కొడుకు దగ్గరికి మొదటిసారి వెళ్లే అమ్మానాన్నలుంటారు. దుబాయికి మొదటిసారి పోయే జగిత్యాల, నిజామాబాద్ పిల్లలుంటారు. బేగంపేట రోజుల్లో కౌంటర్ మీద మనిషితో మాట్లాడుకుని పోయేవాళ్లు. ఇప్పుడు వెబ్ చెక్-ఇన్, మీట నొక్కితే బోర్డింగ్ పాస్ ఇచ్చే యంత్రాలు, ముఖం చూపిస్తే గేటు తెరుచుకునే డిజీయాత్ర. రోజూ తిరిగేవాళ్లకు ఇవన్నీ సుఖమే. మొదటిసారి వచ్చిన తల్లి మాత్రం ‘సామాను మళ్ల ఎక్కడ తీసుకోవాలె బిడ్డా?’ అని అడుగుతుంది. ‘అక్కడ దిగినంక’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆమె పడే పాట్లు ఆమెకే తెలుసు. డల్లాస్ పోవాల్సిన మనిషి షికాగోలో విమానం మారేదుంటే, మామూలుగా అమెరికాలో మొదట దిగిన చోటే సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. ఆ సంగతి ఉందనే తెలియని మనిషి దాని గురించి ఎట్లా అడుగుతుంది? ఆమె టికెట్ చూసి, ఎక్కడ మారుతుందో గమనించి, అడగకపోయినా చెప్పి, వీలైతే తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చేవాడే నిజంగా సాయం చేసినవాడు.

ఈ నిర్లక్ష్యానికి మనం కడుతున్న జరిమానా చిన్నది కాదు. మనం విసుక్కున్న చోట దొంగ ఓపికగా మాట్లాడుతున్నాడు. డబ్బు పంపితే మధ్యలో ఆగిపోయిందని ముసలాయన ఇంట్లో పిల్లల్ని అడుగుతాడు. వాళ్లు ‘తర్వాత చూస్తం’ అంటారు. హెల్ప్‌లైన్‌కు చేస్తే ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అంటుంది. కస్టమర్ కేర్ నంబరని నెట్‌లో వెతికితే ఎవరో పెట్టిన దొంగ నంబరు దొరుకుతుంది. దానికి చేయగానే మనిషి ఎత్తుతాడు. చక్కటి తెలుగులో ‘నాన్నగారూ, కంగారు పడకండి, నేను లైన్లోనే ఉంటాను, ఒక్కొక్కటే చేద్దాం’ అంటాడు. ఎట్లా అడిగినా విసుక్కోడు. స్క్రీన్ అవతలివాళ్లకు కనిపించే యాప్ ఒకటి వేయిస్తాడు, డబ్బు వెనక్కి వస్తుందని చెప్పి పిన్ కొట్టిస్తాడు. అంతటితో ఖాతా ఖాళీ. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదని, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టేనని ఇంట్లోవాళ్లు ముందే నెమ్మదిగా చెప్పి ఉంటే ఈ గతి పట్టేదా? మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలన్న సంగతి కూడా మన ఊళ్లలో ఎందరికో తెలియదు. సాయం చేసే ఓర్పు మంచివాళ్లు వదులుకుంటే దాన్ని దొంగలు ఎత్తుకున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

అడిగేవాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలి. స్క్రీన్ మీద ఏం రాసి వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పండి. చదవడం రాకపోతే దాన్ని అట్లాగే ఉంచి తీసుకురండి, కంగారులో మూసేయకండి. చివరిసారి ఏం నొక్కారో దాచకండి. ‘నేనేం ముట్టలేదు’ అనే మాట టెస్ట్ డెస్కు కాలం నుంచీ వింటున్నాను. చేసినదంతా చెప్పేవాడి లోపం తొందరగా దొరుకుతుంది. ఒకే సమస్యను ఒకేసారి అయిదుగురికి అప్పగించకండి, ఒకరు సరిచేసింది ఇంకొకరు చెడగొడతారు. పని అయ్యాక, ఏం చేస్తే అయిందో, సాయం చేసినాయనకు తిరిగొచ్చి చెప్పండి. ఇంకొకరికి పనికొస్తుంది. ఇవి అడిగేవాళ్ల బాధ్యతలు, నేను తగ్గించి చెప్పడం లేదు. కానీ ‘నేనేం ముట్టలేదు’ అని ఆ మనిషి ఎందుకంటాడో కూడా ఆలోచించాలి. ముట్టానంటే తిడతారని భయం. ఆ భయం తీసేయాల్సింది మళ్లీ తెలిసినవాడే.

సాయం చేయాలనుకునే పిల్లలకు నా అనుభవంలో తేలినవి చెప్తాను. ముందు కూర్చోబెట్టండి, మీరూ కూర్చోండి. నిలబడి చెప్పే మాటలో తొందర ఉంటుంది. ‘ఏమైంది?’ అనే కన్నా ‘ఏం చేద్దామనుకుంటున్నవ్ కాకా?’ అని అడగండి. కరెంటు బిల్లు కట్టాలనుకుంటున్నాడని తెలిస్తే, చెడిపోయిన యాప్‌తో కుస్తీ మానేసి ఇంకో దారిలో బిల్లు కట్టించవచ్చు. ఫోన్ ఆయన చేతిలోంచి లాక్కోకండి. మీ వేలు నాలుగుసార్లు చకచకా తిరిగితే పని అవుతుంది, ఆయనకు మాత్రం ఏమీ రాదు, వచ్చే నెల మళ్లీ మీ గుమ్మం ముందే. ఆయన వేలితోనే నొక్కించండి. ఒక్కో మెట్టు చెప్పి, అది అయ్యేదాకా రెండోది చెప్పకండి. ‘సెట్టింగ్స్‌కు పో’ అంటే ఆయనకు ఏం తెలుస్తుంది? ‘పండ్ల చక్రం లెక్క బొమ్మ ఉన్నది చూడు, దాని మీద నొక్కు’ అనండి. పిన్ కొట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోండి, అది చూసి ఆయన పిన్ ఎవరికీ చూపించకూడదని నేర్చుకుంటాడు. చివర్న ఒక చిన్న నోటుబుక్కులో, ఆయన మాటల్లోనే, ఆయన చేతే రాయించండి. రాయడం రాకపోతే బొమ్మలు గీసివ్వండి. మీకు తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకుపోండి. తోచింది చెప్పి పంపడం కన్నా అది వెయ్యిరెట్లు మేలు.

ఇంకొకటి. ఒకే ప్రశ్న పదిమంది అడుగుతుంటే ‘ఎన్నిసార్లు చెప్పాలి!’ అని నెత్తి కొట్టుకునేవాళ్లు ఎక్కువయ్యారు. టెస్ట్ డెస్కు మీద ఒకే పిల్లర్, అంటే వీధిలో కేబుల్ తీగలు పంచే డబ్బా, కింది లైన్ల నుంచి ఒకేరోజు పది ఫిర్యాదులు వస్తే మేము పది ఇళ్లకూ పోయి ఇన్‌స్ట్రుమెంట్లు విప్పేవాళ్లం కాదు. కేబుల్‌లో లోపముందని గ్రహించి అక్కడ తవ్వేవాళ్లం. అట్లాగే పదిమంది ఒకే చోట తడబడుతున్నారంటే తప్పు ఆ చోటుది. మీటను తప్పు చోట పెట్టిన యాప్‌ది, అర్థం కాని తెలుగులో రాసిన ఫారానిది, బోర్డు పెట్టని కౌంటర్‌ది. పదే పదే వచ్చే ప్రశ్నలు రాసిపెట్టి వాటిని తయారుచేసినవాళ్లకు పంపాలి. అందాకా పెద్ద అక్షరాలతో ఒక కాగితం గోడకు అంటించాలి. కొత్తవాళ్ల తప్పుల జాబితా అంటే బాగుచేయాల్సినవాటి జాబితా.

ఇదంతా ఈ కాలంలో కుదరదు అనేవాళ్లున్నారు. ఎందుకు కుదరదు? 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్ మొదలుపెట్టారు. 1800-180-1551కి పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎప్పుడు చేసినా వ్యవసాయం చదువుకున్నవాళ్లు రైతు భాషలోనే మాట్లాడతారు. రైతు ‘పత్తి ఎర్రబడుతుంది’ అంటాడు. మంచి సలహాదారు మందు పేరు చెప్పడానికి తొందరపడడు. పంట వయసెంత, పై ఆకులా కింది ఆకులా, ఆకు అడుగున పురుగుందా, ఈ మధ్య ఏం కొట్టారు, నీళ్లు నిలిచాయా అని అడుగుతాడు. ఎర్రబడటానికి పచ్చదోమ కారణం కావచ్చు, మెగ్నీషియం లోపం కావచ్చు. తేల్చకుండా మందు చెప్తే రైతు డబ్బు మట్టిపాలు. ఫోన్ ఒకటే, పద్ధతి ఒకటే, మా టెస్ట్ డెస్కు చేసిందీ ఇదే. వ్యవసాయానికి కుదిరింది బ్యాంకుకు, భూమికి, బండి యాప్‌కు ఎందుకు కుదరదు? ఖర్చు అంటారు. మనుషులను తీసేసి మిగుల్చుకున్న ఆ ఖర్చును ఇప్పుడు ప్రతి ముసలాయనా తన పగటి కూలితో, ఆటో కిరాయితో, ఒక్కోసారి ఖాతాలో ఉన్నదంతా పోగొట్టుకుని కడుతున్నాడు.

కాబట్టి నేను అడిగేవి ఇవి. జనంతో పనిపడే ప్రతి ఆఫీసూ, ప్రతి కంపెనీ, తెలుగు తెలిసిన మనిషి దాకా పోయే దారిని మెనూలో మొదటే పెట్టాలి. యంత్రం సాయం తీసుకోనీ, కానీ యంత్రానికి అర్థం కాలేదని తేలిన మరుక్షణం ఫోన్ మనిషికి చేరాలి. కష్టానికి పేరు పెట్టే పని, మాడ్యూల్ ఎంచే పని ఉద్యోగం చేసేవాడే చేయాలి. ‘పరిష్కరించబడింది’ అని రాసే హక్కు ఫిర్యాదు చేసినవాడి నోటిమాట లేకుండా ఎవరికీ ఉండకూడదు. ఊళ్లో కాలేజీ పిల్లలు వారానికి ఒక పూట పంచాయతీ ఆఫీసు అరుగు మీదో, బడి వరండాలోనో కూర్చుని పెద్దవాళ్ల ఫోన్ సందేహాలు తీర్చాలి. కాలేజీలు ఆ పనిని చదువులో భాగంగా లెక్కకట్టాలి. మా దగ్గర అట్లాంటిది ఎవరు మొదలుపెట్టినా ఒక కుర్చీలో నేను కూర్చుంటాను. ఫోన్ల సంగతి వాళ్లు చూసుకుంటారు, వంకర ప్రశ్నలో అసలు ప్రశ్న ఎక్కడుందో వెతకడం నేను నేర్పుతాను.